విల్లిస్టన్ చలికీ ఫీనిక్స్ ఎండకీ ఒకటే ట్రెయిలరా? ముందు దాని కిందకి దూరి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ ఆవిడ ట్రావెల్ నర్సు (ఊరూరా తిరిగి కాంట్రాక్టు మీద పనిచేసే నర్సు), డిసెంబరు నుంచి నార్త్ డకోటాలో విల్లిస్టన్ వైపు 13 వారాల కాంట్రాక్టు వచ్చింది, వేసవికి ఫీనిక్స్ దగ్గర ఇంకొకటి దాదాపు ఖాయం. మీకు ఎక్కడున్నా లాప్‌టాప్ పనే. ప్రతిసారీ అద్దె ఇల్లు వెతుక్కునే బాధ లేకుండా ట్రెయిలర్, అంటే ట్రక్కుతో లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, కొనేసి అందులోనే కాపురం పెడదామనుకుంటున్నారు. డీలర్ 38 అడుగుల ఫిఫ్త్ వీల్ (ముందు భాగం ట్రక్కు మీదికి ఎక్కి కూర్చునే రకం ట్రెయిలర్) చూపించాడు, నాలుగు స్లైడ్లు (నిలిపాక బయటికి జరిపి గదిని వెడల్పు చేసే భాగాలు), గోడలో కరెంటు ఫైర్‌ప్లేసు, "ఫోర్ సీజన్ సార్, పైకప్పు ఆర్-38" అన్నాడు (ఆర్ అంటే ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే నంబరు). కొనొచ్చా, కాకపోతే ఏ కంపెనీవి చూడాలి?

ఇక్కడ అమెరికాలో ట్రెయిలర్లున్న రిటైర్డ్ జనం చలికాలం అరిజోనాకి దిగి, ఎండలు ముదరగానే ఉత్తరానికి ఎక్కేస్తారు, అందుకే వాళ్ళకి స్నోబర్డ్స్ అని పేరు. మీరు సరిగ్గా దాన్ని తిరగేసి ప్లాన్ వేశారు. చదవగానే నవ్వొచ్చింది కానీ నేను చేసిందీ అదే కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. విండ్ ఫారాల్లో, సోలార్ ప్లాంట్లలో ఎలక్ట్రికల్ పని నాది. ఏడేళ్ళు నేనూ మా ఆవిడా ట్రెయిలర్లోనే ఉన్నాం, అందులో మూడు చలికాలాలు నార్త్ డకోటా, తూర్పు మోంటానాల్లో, రెండు వేసవులు అరిజోనాలో. మధ్యలో ఒక ట్రెయిలర్ మార్చాం. మొదటిది ఎందుకు వదిలించుకున్నామో చెప్తే మీకు సగం జవాబు దొరికినట్టే.

అది కూడా షోరూములో "ఫోర్ సీజన్" అని అంటగట్టిందే. జనవరిలో ఒక రాత్రి బయట మైనస్ 31 (అన్నీ సెల్సియస్‌లోనే రాస్తున్నా). ట్రెయిలర్లు నిలిపే పార్కులో కరెంటు అద్దెలోనే కలిసి ఉంది, ప్రొపేన్ గ్యాస్ మాత్రం మన జేబులోంచి పోతుంది, దాంతో నేను తెలివిగా రెండు కరెంటు హీటర్లు పెట్టి పడుకున్నా. లోపల 21 డిగ్రీలు, హాయిగా నిద్ర పట్టింది. తెల్లవారి ఐదింటికి ట్యాప్ తిప్పితే ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. జరిగిందేమిటంటే, థర్మోస్టాట్ ఉండేది హాల్లో, హాలు వెచ్చగా ఉంది కాబట్టి అది రాత్రంతా ఫర్నేస్‌ని (ప్రొపేన్‌తో వేడి గాలి పుట్టించే పొయ్యిని) లేపలేదు. నేల కింద పైపులకీ ట్యాంకులకీ వేడి గాలి పంపే డక్టు వచ్చేది మాత్రం ఫర్నేస్ నుంచే. పైన మేం దుప్పటి తన్నేసి పడుకుంటే కింద పైపులు రాయిలా బిగుసుకుపోయాయి. ఫర్నేస్ వేశాక మధ్యాహ్నానికి కరిగింది, కరిగాక నేల కింద కుండలోకి నీళ్ళు పోస్తున్నట్టు చప్పుడు. మర్నాటికి ట్రెయిలర్ కింద నల్లటి ప్లాస్టిక్ షీటు నిండు చూలు గేదె పొట్టలా కిందికి వేలాడుతోంది, లోపల అంతా మంచే. మంచులో వెల్లకిలా పడుకుని కత్తితో ఆ షీటు కోస్తే మంచు పెళ్ళలూ తడిసిన ఫైబర్‌గ్లాసూ కలిసి మీద పడ్డాయి. పగిలింది మూడు డాలర్ల ప్లాస్టిక్ ఎల్బో, పైపు వంపు ముక్క. దాని కోసం నాలుగు రోజులు నీళ్ళు లేవు, నేల చెక్క ఒక మూల ఉబ్బిపోయింది.

అందుకే చెప్తున్నా, ఆ ఫైర్‌ప్లేసుని చూసి మురిసిపోకండి. అది 1500 వాట్ల మామూలు హీటర్, మంట బొమ్మ అదనం.

ఇక "ఫోర్ సీజన్" అనే మాట. దానికి చట్టంలో గానీ పరిశ్రమలో గానీ ఒక నిర్వచనం లేదు, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు స్టిక్కర్ వేసుకుంటారు. ఆర్-38 కూడా చాలావరకు కాగితం మీద లెక్క. ఫైబర్‌గ్లాసుకి అంగుళానికి ఆర్-3 చిల్లర వస్తుంది, మంచి గట్టి ఫోముకి అంగుళానికి 5, 6 దాకా. ట్రెయిలర్ పైకప్పులో ఉండే నాలుగైదు అంగుళాల సందులో 38 ఎక్కడినుంచి వస్తుంది? వెండి రంగు రేకు ఒక పొర వేసి, దానికి వేడిని వెనక్కి కొట్టే గుణం ఉందని పెద్ద నంబరు కలిపేస్తారు. గోడల మందం చాలావాటిలో రెండంగుళాలే, అందులో పట్టేది ఆర్-7 నుంచి 10. ఇక కిటికీకి ఒంటి అద్దమైతే ఆర్-1 కూడా ఉండదు, రెండు పొరల అద్దమైతే 2. ఈ లెక్కన ఇన్సులేషన్ నంబరు చూసి ట్రెయిలర్ ఎంచుకోవడమంటే పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం వాళ్ళ మావయ్య నోట విన్నట్టే. చూడాల్సింది కింద.

డీలర్ దగ్గరికి పాత బట్టలు వేసుకుని, టార్చి లైటు పట్టుకుని వెళ్ళండి. మీరు కింద పడుకుంటే సేల్స్‌మన్ కంగారుపడతాడు, పడనివ్వండి. కింద షీటు పూర్తిగా మూసి ఉందా, ట్యాంకుల వాల్వులు ఆ షీటు లోపల ఉన్నాయా బయట గాలికి వేలాడుతున్నాయా, నీళ్ళు ఖాళీ చేసే గొట్టాలు షీటులోంచి ఎంత బయటికి పొడుచుకొచ్చాయో చూడండి. తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఫర్నేస్ నుంచి కిందకి వచ్చే డక్టు ఎక్కడ? చూపించండి." హీటెడ్ అండర్‌బెల్లీ (అడుగు భాగానికీ వేడి) అని రాసిన కొన్నిటిలో ఫర్నేస్ దగ్గర ఒక కన్నం పెట్టి వదిలేస్తారు, వేడి గాలి నాలుగడుగులు కూడా పోదు. సరైనదాంట్లో ట్యాంకుల దాకా గొట్టం ఉంటుంది. లోపలికొచ్చాక సింకు కింద తలుపు తీసి, పైపులు బయటి గోడకి ఆనుకుని పోతున్నాయా లోపలివైపు నుంచి పోతున్నాయా చూడండి. వంటగది సింకు స్లైడ్‌లో ఉన్న మోడల్ అయితే నేను వెంటనే వద్దంటా. స్లైడ్ కిందికి వేడి పోదు, పైపు మాత్రం అందులోంచే పోవాలి, మొదట గడ్డకట్టేది అదే.

మీరు చెప్పిన నాలుగు స్లైడ్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. స్లైడ్ అంటే గోడకి పెట్టిన పెద్ద కన్నం, దాని చుట్టూ రబ్బరు పట్టీ. మైనస్ 30లో ఆ రబ్బరు కర్రలా బిగుసుకుపోతుంది, సందులోంచి గాలి ఈల వేస్తుంది, పైన మంచు పేరుకుంటే స్లైడ్ లోపలికి రాదు. ఇద్దరికి ఒకటి, మహా అయితే రెండు చాలు. ఫిఫ్త్ వీల్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. ముందు ట్రక్కు మీదికి పొడుచుకొచ్చే భాగంలోనే పడకగది ఉంటుంది, ట్రక్కు తీసేశాక దాని కింద అంతా గాలే. అయినా ఫిఫ్త్ వీల్ లాగడానికి స్థిరంగా ఉంటుంది, సామాను ఎక్కువ పడుతుంది, కాబట్టి అసలు వద్దని అనను.

నా ఓటు 28 నుంచి 32 అడుగుల మధ్యకే. పేర్లు అడిగారు కాబట్టి చెప్తున్నా, నాకు వాటాలేం లేవు. ఒరెగాన్‌లోని లా గ్రాండ్ అనే చిన్న ఊళ్ళో నార్త్‌వుడ్ వాళ్ళు చేసే ఆర్కిటిక్ ఫాక్స్, అదే ఊరి అవుట్‌డోర్స్ ఆర్‌వీ, ఈ రెండూ చలి ప్రాంతాల కోసమే పేరు తెచ్చుకున్నాయి. నార్త్‌వుడ్ వాళ్ళు ఛాసిస్ కూడా బయట కొనకుండా తామే చేసుకుంటారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా నుంచి వచ్చే బిగ్‌ఫుట్ అయితే రెండు ఫైబర్‌గ్లాస్ డొప్పలు అతికించినట్టు ఉంటుంది, అతుకులు తక్కువ కాబట్టి నీళ్ళు కారే చోట్లూ తక్కువ, కానీ పూర్తికాలం ఇద్దరికి చోటు ఇరుకే. మా రెండోది లా గ్రాండ్ సరుకే, వాడినది, ఆరేళ్ళ పాతది కొన్నాం. కొత్తదాని మొదటి ఏడాది రిపేర్ల తలనొప్పి పాత ఓనరు పడేసి ఉంటాడు, అదొక లాభం. పాతది కొంటే మాత్రం పైకప్పు మూలలు, కిటికీల కింద గోడ బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా దిగితే లోపల చెక్క కుళ్ళినట్టు, ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి.

ఇప్పుడు వేడి ఖర్చు. మన ఇంట్లో గ్యాస్ బండ 14.2 కిలోలు కదా, ఇక్కడ ట్రెయిలర్ ముందు ఉండే 30 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ దాదాపు అంతే, 13.6 కిలోలు. అందులో సుమారు 6,40,000 బీటీయూల (ఇక్కడ వేడిని కొలిచే లెక్క) వేడి ఉంటుంది. ఫర్నేస్ గంటకి 35,000 తాగుతుంది, అంటే ఆగకుండా మండితే 18 గంటలు. విల్లిస్టన్ జనవరిలో అది రోజులో సగం పైనే మండుతుంది. ఊళ్ళో అమ్మ నెలన్నర లాగించే బండ ఇక్కడ ఒకటిన్నర రోజులో ఖాళీ! పైగా చలి ముదిరేకొద్దీ సిలిండర్ మొరాయిస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, మైనస్ 30 దాటేసరికే ఒత్తిడి పడిపోతుంది, సిలిండర్ సగం ఖాళీ అయ్యాక మరీను. అందుకే అక్కడి వాళ్ళు స్థానిక గ్యాస్ డీలర్ దగ్గర పెద్ద ట్యాంకు అద్దెకి తీసుకుని పక్కన పెట్టించుకుంటారు, నింపేవాడే వచ్చి నింపిపోతాడు. నవంబరు మొదట్లోనే ఫోన్ చేసి పెట్టుకోండి.

స్కర్టింగ్ లేకుండా ఆ ఊళ్ళో అడుగు పెట్టకండి. ట్రెయిలర్ చుట్టూ నేల దాకా కట్టే పరదా అది. వినైల్ గుడ్డతో కుట్టించేవాళ్ళున్నారు, ఖరీదు ఎక్కువ. నేను రెండంగుళాల ఫోమ్ బోర్డులు కొని కోసి, సందులకి టేపు వేసి, కింద మట్టీ మంచూ ఎగదోశాను. రెండు రోజుల పని. కట్టక ముందు, కట్టాక కింద థర్మామీటర్ పెట్టి చూశా, ఒకే చలిలో 14 డిగ్రీల తేడా వచ్చింది. కొంతమంది గడ్డి మోపులు పేరుస్తారు, ఎలుకలకి కాపురం పెట్టించినట్టే, నిప్పు భయం కూడా. కింద ఉష్ణోగ్రత చూపించే వైర్‌లెస్ థర్మామీటర్ 15 డాలర్లు, మంచం పక్కన డిస్‌ప్లే పెట్టుకోండి. ఆ నంబరు 4కి దిగితే నాకు మెలకువ వచ్చేసేది.

నీళ్ళ గొట్టం హీటెడ్ హోస్ (కరెంటుతో వెచ్చబడేది) కొనండి, అది తగిలించే పార్కు ట్యాపుకి కూడా కరెంటు హీట్ టేపు చుట్టండి, చాలామంది గొట్టానికి 200 డాలర్లు పెట్టి ట్యాపుని వదిలేస్తారు. సింకు, స్నానం నీళ్ళు చేరే గ్రే ట్యాంకు వాల్వు తెరిచి పెట్టకండి, చుక్కలు చుక్కలుగా పారే నీళ్ళు గొట్టంలో పొరలు పొరలుగా గడ్డకట్టి ఒకరోజు మొత్తం మూసుకుపోతుంది. నిండాక ఒక్కసారే వదలాలి. లిథియం బ్యాటరీలుంటే వెచ్చని చోట ఉన్నాయో లేదో చూసుకోండి, సున్నా కిందికి పోతే అవి ఛార్జి తీసుకోకూడదు.

వీటన్నిటికంటే మనవాళ్ళు పట్టించుకోనిది తేమ. ఇది కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇంగ్లీషు సలహాలన్నీ శాండ్‌విచ్ తినేవాళ్ళు రాసినవి. మనం అన్నం వార్చుతాం, కుక్కర్ మూడు విజిల్స్ వేయిస్తాం, ఆదివారం ఇడ్లీ. ప్రొపేన్ ఒక కిలో మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఫర్నేస్ దాన్ని పొగగొట్టంలోంచి బయటికి పంపేస్తుంది, స్టవ్ మాత్రం మొత్తం లోపలే వదులుతుంది. ఇద్దరి ఊపిరి, స్నానం, ఆరేసిన బట్టలు. ఇదంతా ఆ చిన్న డబ్బాలో తిరిగి తిరిగి చల్లటి చోటు దొరగ్గానే నీరవుతుంది. మా మొదటి చలికాలం, ఫిబ్రవరిలో మా ఆవిడ దుప్పట్లు మారుద్దామని పరుపు ఎత్తితే అడుగంతా నల్లటి చుక్కలు, ప్లైవుడ్ తడిసి ముద్దగా ఉంది. పరుపు కింద బాక్సులో దాచిన 20 పౌండ్ల సోనా మసూరి బస్తా గోడకి ఆనినవైపు గడ్డకట్టి బూజు పట్టింది. బియ్యం కంటే, నెలంతా ఆ బూజు మీదే పడుకున్నామన్న సంగతి ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది. అప్పట్నుంచి మా పద్ధతి మారింది. పరుపు కింద గాలి ఆడే జాలీ వేశాం, వంటకి ఇండక్షన్ పొయ్యి, కుక్కర్ పెట్టినప్పుడల్లా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఎదురు కిటికీ అంగుళం తెరవడం, చిన్న డీహ్యూమిడిఫయర్. ఆ డీహ్యూమిడిఫయర్ డబ్బాలోంచి రోజూ రెండు లీటర్ల నీళ్ళు పారబోసేవాణ్ణి. చలిలో కిటికీ తెరవమంటే పిచ్చిలా ఉంటుంది, కానీ బయటి గాలి మహా పొడిగా ఉంటుంది, అది లోపలికి రావాలి. కిటికీలకి రెండు పొరల అద్దం లేకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లాస్టిక్ ఫిల్ము అతికించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తేదీ చూడండి. వాటికి ఐదు నుంచి ఏడేళ్ళ ఆయుష్షు, పాత ట్రెయిలర్లలో చచ్చిపోయిన అలారాలే గోడకి ఉంటాయి. స్టవ్‌ని హీటర్‌లా వెలిగించి పడుకోవడం ఎంత చలైనా వద్దు.

ఇక ఫీనిక్స్. నేను రెంటచింతల వైపు వాణ్ణి, ఎండ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదనుకున్నా. మా తాతగారి ఇంటి గోడలు మూరెడు మందం, మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. ట్రెయిలర్‌కి ఆ బరువు లేదు, కరెంటు పోయిందంటే అరగంటలో లోపల బయటికంటే ఎక్కువ. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, అలాంటి నెలలో ఒక్క ఏసీ ఉన్న ట్రెయిలర్‌లో మీటింగులో కూర్చుని పనిచేయలేరు. రెండు ఏసీలు తప్పనిసరి. రెండు ఏసీలంటే 50 ఆంప్ కనెక్షన్ ఉన్న ట్రెయిలరే కొనాలి. 30 ఆంప్ అంటే మొత్తం 3,600 వాట్లు, 50 ఆంప్ అంటే రెండు లైన్లు కలిపి 12,000. పేరుకి ఇరవై ఆంపుల తేడా, అసలు తేడా మూడు రెట్ల పైన. ఇదే 50 ఆంప్ చలికాలం హీటర్లకీ పనికొస్తుంది, కాబట్టి ఇందులో బేరం లేదు.

మధ్యాహ్నం పార్కు మొత్తం ఏసీలు వేసేసరికి వోల్టేజి పడిపోతుంది. మన పల్లెల్లో మోటార్లు కాలిపోయినట్టే ఇక్కడ ఏసీ కంప్రెసర్లు పోతాయి. 104 వోల్టుల కిందికి రాగానే దానంతట అదే ఆపేసే రక్షణ పెట్టె ఒకటి వస్తుంది, 300 డాలర్ల పైమాటే, అయినా కొనండి. గ్యాస్‌తో నడిచే పాత రకం ఫ్రిజ్ 43 డిగ్రీల్లో పాలు కూడా నిలవుంచలేదు, కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నది చూసుకోండి. కిటికీలకి ఎండ తెర లోపల కంటే బయట కట్టండి, వేడి అద్దం దాటి వచ్చాక ఆపి లాభం తక్కువ. చలికి కట్టిన ఫోమ్ స్కర్టింగ్ ఇక్కడ కూడా నేల సెగని ఆపుతుంది, పారేయకండి. స్థలం ఇచ్చేటప్పుడు పడమటి ఎండ ఫ్రిజ్ ఉన్న వైపు కొట్టకుండా ఉండేది అడగండి, ముందే ఫోన్ చేస్తే ఇస్తారు.

బరువు సంగతి చాలామంది చివర్లో చూస్తారు. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ ఉంటుంది, సామాను ఎన్ని పౌండ్ల దాకా వేయొచ్చో రాసి ఉంటుంది. 60 గ్యాలన్ల నీళ్ళు నింపితేనే 500 పౌండ్లు. పూర్తికాలం ఉండేవాళ్ళకి రెండు వేల పౌండ్ల కంటే తక్కువుంటే కష్టం. ఫిఫ్త్ వీల్ బరువులో ఐదో వంతు ట్రక్కు మీద పడుతుంది, 14,000 పౌండ్లదైతే 2,800. మీ దగ్గరున్న హాఫ్ టన్ ట్రక్కు (పికప్‌లలో తేలిక రకం) దానికి చాలదు, అంటే ట్రక్కు ఖర్చు కూడా కలుపుకోవాలి. డీలర్ ఈ మాట చెప్పి ఉండడు.

కాగితాలు. చాలా కంపెనీల వారంటీలో పూర్తికాలం నివాసానికి వాడితే వర్తించదని రాసి ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకండి. ఇన్సూరెన్స్ ఫుల్ టైమర్ పాలసీ అని అడిగి తీసుకోవాలి, మామూలుది క్లెయిం దగ్గర చేతులెత్తేస్తుంది. ఇంకోటి, మీ ఆవిడకి ఇల్లద్దె కోసం వచ్చే స్టైపెండ్‌కి టాక్స్ లేకపోవడానికి కారణం ఆవిడకి వేరే చోట శాశ్వత నివాసం ఉండటం. ఉన్న అపార్ట్‌మెంట్ వదిలేసి ట్రెయిలరే ఇల్లు చేసుకుంటే ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) లెక్కలో మీరు సంచారులు, ఆ డబ్బుకి టాక్స్ పడొచ్చు. అద్దె మిగుల్తుందని కొన్నవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. కొనే ముందే టాక్స్ చూసేవాళ్ళతో మాట్లాడండి.

ఇవన్నీ చూశాక నా సలహా: ఆ 38 అడుగులది వద్దు. విల్లిస్టన్ మొదటి 13 వారాలకి అపార్ట్‌మెంటో బేస్‌మెంటో అద్దెకి తీసుకోండి. డిసెంబరులో కొత్త ట్రెయిలర్‌తో, అలవాటు లేని చేతులతో, రాత్రి డ్యూటీ చేసి వచ్చే మనిషిని పెట్టుకుని నేర్చుకునే ఊరు కాదది. అక్కడున్నప్పుడు వారాంతాల్లో పార్కులకి వెళ్ళి, మైనస్ 25లో ట్రెయిలర్లో ఉంటున్నవాళ్ళ తలుపు కొట్టండి. ఓ టీ తాగితే వాళ్ళ స్కర్టింగ్ లోపలికి దూరి చూడనిస్తారు, ఆ జనం అలాంటివాళ్ళే. మార్చిలో వాడిన ట్రెయిలర్ కొని, ఏప్రిల్లో మెల్లగా దక్షిణానికి దిగండి, ఫీనిక్స్ ఎండ వచ్చేలోపు రెండు నెలలు అలవాటు పడటానికి దొరుకుతుంది. వచ్చే చలికాలం ఉత్తరానికి మళ్ళీ వెళ్ళాలో వద్దో మీకే తెలుస్తుంది.

ఈలోగా ఏదైనా మోడల్ నచ్చితే లోపలి సోఫా ఫోటోలు కాదు, పసుపు స్టిక్కరు, సింకు కింద పైపులు, అడుగు భాగం, ఈ మూడు ఫోటోలు పెట్టండి. రాత్రి పని అయ్యాక చూసి చెప్తా.